పాతదానికి సరిపోయేలా

డేవిడ్ రాజు రొయ్యల మేత సంచిలోంచి, చెరువు మోటార్లు నడిపే బోర్డు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. దాని డబ్బాకి చెరువు మట్టి ఎండి అంటుకుని ఉంది.

"ఇదిగోనమ్మా నీ బోర్డు. ఇక నీ దగ్గరే ఉంచుకో."

సుచిత్ర చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ బోర్డు పంపమని మూడు రోజులుగా బావగారికి ఫోన్ చేస్తూనే ఉంది. ఆయన ఎత్తలేదు. ఇవాళ ఆదివారం ఆరాధన కాగానే నాగాయలంక నుంచి బండేసుకుని తానే తెచ్చాడు. మాట్లాడదామని తెచ్చాడో, మొహాన కొట్టిపోదామని తెచ్చాడో ఆమెకి అర్థం కాలేదు.

బందరు వలందపాలెంలో ఆ వేళకి ఇంటింటా కోడికూర వాసనే. ఈ ఇంట్లోనూ ఉడుకుతోంది. తినే ధ్యాస మాత్రం గురువారం నుంచి ఎవరికీ లేదు.

"కూర్చోరా రాజూ," అంది సౌభాగ్యమ్మ. ఆవిడ పెద్దకొడుకు ముఖం మీంచి చూపు తిప్పడం లేదు. "మూడు రోజుల్లో సగమైపోయావు."

"కూర్చుంటే రొయ్యలు లేచొస్తాయా అమ్మా?"

చిన్నకొడుకు శ్యామ్ సుందర్ కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ ఫోన్లో చూడాల్సింది ఏమీ లేదని సుచిత్రకి తెలుసు. ఎనిమిదేళ్ల కాపురంలో భర్త మౌనాలు ఆమెకి కంఠతా వచ్చేశాయి. ఇది మాత్రం కొత్త రకంగా ఉంది.

"అసలేం జరిగిందో ఒక్కసారి వరసగా చెప్పండి బావగారూ," అంది.

"ఎన్నిసార్లు చెప్పను? నీళ్లలో గాలి తగ్గితే ఏరేటర్ మోటార్లు వాటంతటవే తిరుగుతాయన్నావు. గురువారం తెల్లవారుజామున తగ్గింది. తిరగలేదు. ఆరింటికి నేను వెళ్లేసరికి గట్టు పొడుగునా చచ్చి పడున్నాయి. డెబ్బై రోజులు పెంచిన పంటమ్మా అది."

"కరెంటు ఉందా అప్పుడు?"

"కరెంటుంది. మోటార్లూ బానే ఉన్నాయి. చేత్తో స్విచ్ వేస్తే గిర్రున తిరిగాయి. తిరగంది నీ బోర్డు బుర్రే." డేవిడ్ రాజు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది సుచిత్రకి. "బోర్డు రాకముందు నేను చెరువు మీదే పడుకునేవాణ్ణి. గంటకోసారి లేచి టార్చి వేసి చూసుకునేవాణ్ణి. 'ఇక ఇంటికెళ్లి హాయిగా పడుకోండి బావగారూ' అన్నావు. పడుకున్నాను."

ఆ మాట ఆమె అన్నది నిజమే. ఈ గదిలోనే, నవ్వుతూ అంది.

"ఉన్నదేదో బాగానే నడుస్తోందిగా," అంది సౌభాగ్యమ్మ, ఎవరి వైపూ చూడకుండా. "చిన్నోడు చేసింది తొమ్మిదేళ్ల నుంచీ ఒక్క మాట పడలేదు. దానికి పోటీగా ఇంకోటి ఎందుకంట? మొగుడూ పెళ్లాం ఒకే పని రెండుసార్లు చెయ్యడం నేనెక్కడా చూళ్ళేదు."

"పోటీ కాదత్తయ్యా."

"మరేంటి?"

సుచిత్ర చేతిలోని గరిటె వంటింట్లో పెట్టి వచ్చింది. రెండేళ్లుగా చెప్పి చెప్పి ఆ జవాబు అరిగిపోయింది.

తొమ్మిదేళ్ల కిందట గుడివాడలో రఘునందన్ రొయ్యల చెరువుల బోర్డులు చేసే చిన్న కంపెనీ పెట్టినప్పుడు, వాటికి ఆజ్ఞలు రాయడానికి శ్యామ్ సుందర్ ఒక సొంత ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. దివిసీమ కుర్రాడు కనక 'దివి' అని పేరు పెట్టుకున్నాడు. దివిలో రాసినదాన్ని బోర్డులోని చిప్ భాషలోకి మార్చేది కంపైలర్. ఆ కంపైలర్లో చివరన కూర్చుని, చిప్ నోటికి అందించే ముద్దలు కలిపే భాగాన్ని బ్యాకెండ్ అంటారు. శ్యామ్ కలిపే ముద్దలు మరీ పెద్దవి. బోర్డులో జాగా చాలక కొత్తగా ఏది పెట్టాలన్నా కుదిరేది కాదు. అదే పని సగం జాగాలో చేసే మరో బ్యాకెండ్ కావాలని రెండేళ్ల కిందట రఘునందన్ అడిగాడు. శ్యామ్‌ని కాదు, అదే కంపెనీకి ఇంట్లోంచి పనిచేసే సుచిత్రని అడిగాడు. ఆ సాయంత్రం నుంచి శ్యామ్ సుందర్ ఇంట్లో కంపెనీ ఊసు ఎత్తడం మానేశాడు.

ఆమె బ్యాకెండ్ నలభై రెండు చెరువులకి వెళ్లింది. అన్నిటికంటే ముందు వెళ్లింది బావగారి చెరువుకే. "మనింటి పిల్ల చేసింది. మన చెరువులోనే ముందు చూద్దాం," అని ఆయనే ధైర్యం చేశాడు. ఆ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. ఆయన కూడా ఎత్తడం లేదు. అదే ఆమెని ఎక్కువగా కోస్తోంది.

ఫోన్ మోగింది. రఘునందన్. నలుగురూ ఉన్నారని చెప్పి స్పీకర్లో పెట్టింది.

"సుచిత్ర గారూ, రేపు పదింటికి అన్ని బోర్డుల్లోనూ కొత్తది తీసేసి శ్యామ్ గారి పాతది పంపేద్దామండి. నలభై ఒక్కమంది రైతులు గురువారం నుంచి చేత్తోనే మోటార్లు వేసుకుంటున్నారు. నిద్రల్లేక నన్ను తిడుతున్నారు."

"ఎందుకు ఆగిందో తెలియకుండానే మార్చేస్తే ఎలాగండీ?"

"తెలిసేదాకా ఆగమంటే ఎవరాగుతారమ్మా? పాతది పెట్టామంటే వాళ్లకి ధైర్యం. మీ రెండేళ్ల కష్టం నాకు తెలుసు. ఇప్పటికి దాన్ని పక్కన పెడదాం. శ్యామ్ గారూ, మీరేమంటారు?"

శ్యామ్ సుందర్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ ఇష్టమండీ," అన్నాడు.

పక్కన పెట్టడమంటే ఏమిటో కంపెనీల్లో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. సుచిత్రకీ తెలుసు. ఆమె ఫోన్ కట్ చేసి, టేబుల్ మీది బోర్డు రెండు చేతులతో ఎత్తుకుంది.

"బ్యాటరీ తియ్యలేదు," అన్నాడు డేవిడ్ రాజు వెనకనుంచి. "ముట్టుకోవద్దన్నావుగా. ఉన్నదున్నట్టే తెచ్చాను."

అంత కోపంలోనూ ఆయన ఆమె చెప్పిన మాట తప్పలేదు. సుచిత్రకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి మీద కూర సంగతి అత్తగారికి వదిలేసి గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంది.

*

బోర్డుకి తీగ తగిలించి లోపలి సంగతులు చదవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మూడు రోజులుగా ఆమె ఊహించి ఊహించి వెతికినదంతా వృథా. జవాబు ఈ మట్టి డబ్బాలోనే ఉంది.

బోర్డు వెలిగినప్పటి నుంచి ఎంతసేపయిందో అదే లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఇప్పుడు ఇరవై ఎనిమిది రోజుల అయిదు గంటలు చూపిస్తోంది. ఏ మోటారు ఎప్పుడు వేసిందో కూడా రాసుకుంటుంది. ఇరవై నాలుగు రోజుల ఇరవై గంటల పన్నెండో నిమిషం దాకా అన్నీ సక్రమంగా వేసింది. ముప్ఫై ఒకటో నిమిషం దాటాక ఒక్కసారి కూడా వెయ్యలేదు. నీళ్లలో గాలి తగ్గిందని దానికి తెలుస్తూనే ఉంది. అయినా వెయ్యలేదు.

ఇరవై నాలుగు రోజుల ఇరవై గంటల ముప్ఫై ఒక్క నిమిషాలు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేని అంకె అది.

ప్రోగ్రాములో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. బోర్డు వెలిగి రెండు నిమిషాలు దాటితేగాని మోటార్లు వెయ్యకు. పోయిన కరెంటు రాగానే ఓల్టేజీ ఎగిరెగిరి పడుతుంది, అప్పుడే మోటారు వేస్తే కాలిపోతుంది. అందుకని పెట్టిన జాగ్రత్త. బోర్డు తన వయసుని సెకనులో వెయ్యో వంతు చొప్పున లెక్కపెడుతుంది. ఆ అంకె ఇరవై నాలుగు రోజుల తర్వాత చాలా పెద్దదవుతుంది. ప్లస్సూ మైనస్సూ ఉండే అంకెగా చదివేవాడికి అది ఉన్నట్టుండి సున్నాకంటే తక్కువగా కనిపిస్తుంది. ఇంకేముంది, 'రెండు నిమిషాలు ఇంకా కాలేదు' అనుకుని బోర్డు కాచుక్కూర్చుంటుంది. రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతున్నా కాచుక్కూర్చుంటుంది.

కాలానికి మైనస్ ఉండదని దివి భాష నియమాల్లోనే ఉంది. ఆ నియమాలు రాసినవాడు శ్యామ్ సుందరే.

మరి ఆమె బ్యాకెండ్ ఎందుకలా చదివింది?

ఆ ప్రశ్న పూర్తిగా వేసుకోకముందే ఆమెకి ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఒక బ్యాకెండ్ ఉండగా రెండోది రాసేవాళ్లు చేసే పని ఒకటుంది. ఒకే ప్రోగ్రాముని రెంటికీ ఇచ్చి, వచ్చిన ఫలితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే కొత్తదే తప్పు. పాతది తొమ్మిదేళ్లుగా నడుస్తోంది కనక దాన్ని అనుమానించే పని లేదు. ఫిబ్రవరిలో ఒక తేడా వచ్చింది. కాలాన్ని ఆమెది మైనస్ లేకుండా చదివింది, శ్యామ్‌ది మైనస్‌తో చదివింది. ఏది ఒప్పని అతన్నే అడిగింది. అన్నం తింటున్న మనిషి తల కూడా ఎత్తలేదు.

"తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. నాదాంట్లో ఎలా ఉంటే అలాగే చెయ్."

చేసింది. నియమాలు తెరిచి చూస్తే అయిదు నిమిషాల పని. చూడలేదు. చూస్తే అది మళ్లీ పోటీ అనిపించుకుంటుందని చూడలేదు. ఒప్పుగా ఉన్న తన లైనుని తన చేత్తోనే తప్పుగా మార్చుకుంది. మార్పుల చిట్టాలో ఆ రోజు తాను రాసుకున్న మాట ఇప్పుడు తెర మీద కనిపిస్తోంది: పాతదానికి సరిపోయేలా మార్చాను.

అయినా తేల్చుకోకుండా నోరు విప్పకూడదనుకుంది. ఇంట్లో ఉన్న మరో బోర్డు తీసి, శ్యామ్ బ్యాకెండ్‌తో చేసిన పాత ప్రోగ్రాం ఎక్కించింది. మోటారు బదులు ఒక బల్బు తగిలించింది. గడియారం ఆ గడువుకి నాలుగు నిమిషాల ముందు నుంచి మొదలయ్యేలా పెట్టింది. మొదట బల్బు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. నాలుగు నిమిషాలు దాటాక ఆరిపోయింది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా వెలగలేదు.

తొమ్మిదేళ్లూ ఇది ఎందుకు బయటపడలేదో ఆలోచిస్తే ఆమెకి నవ్వొచ్చింది. నవ్వడానికి ఓపిక లేక ఊరుకుంది. దివిసీమలో ఇరవై నాలుగు రోజులపాటు కరెంటు పోకుండా ఎప్పుడుందని? పోయినప్పుడల్లా బోర్డు ఆరిపోయి, మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలుపెట్టేది. శ్యామ్ పనితనాన్ని కరెంటు కోతలే కాపాడుతూ వచ్చాయి. ఈ మధ్యనే కంపెనీ బోర్డులకి బ్యాటరీలు పెట్టడం మొదలుపెట్టింది. కొత్త బ్యాకెండ్ ఉన్న నలభై రెంటికీ ముందు, ఆ తర్వాత పాతది ఉన్న మూడు వందల చిల్లరకి.

పాతవాటిలో మొట్టమొదటి బ్యాటరీ పడింది డేవిడ్ రాజు రెండో చెరువుకి. పాలకాయతిప్ప వెళ్లే దారిలో ఉంటుందది. శ్యామ్ తానే వెళ్లి పెట్టి, గట్టు మీద నిలబడి ఫొటో తీసి పంపాడు. సుచిత్ర ఫోన్లో ఆ ఫొటో వెతికింది. రొయ్యలు చచ్చిన రోజుకి సరిగ్గా మూడు వారాల ముందటి గురువారం, పొద్దున ఏడున్నర. ఇరవై నాలుగు రోజుల ఇరవై గంటల ముప్ఫై ఒక్క నిమిషాలు వేళ్ల మీద కలుపుకుంది. తప్పు కలిపానేమోనని మళ్లీ కలిపింది.

రేపు తెల్లవారుజామున నాలుగింటికి.

బావగారికి ఇక మిగిలింది ఆ చెరువొక్కటే.

*

శ్యామ్ సుందర్ పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిన చేతులే మళ్లీ కడుగుతున్నాడు.

"మీదాంట్లో కూడా ఉందండీ," అంది సుచిత్ర.

అతను ఏమిటని అడగలేదు. కుళాయి కట్టేశాడు.

"ఫిబ్రవరిలో నేనడిగింది గుర్తుందా?"

"ఉంది."

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

పక్కింటి రేడియోలో ఎవరో ప్రసంగం చేస్తున్నారు. "గురువారం సాయంత్రం," అన్నాడు చివరికి. "అన్నయ్య బోర్డు పెట్టిన రోజు నుంచి లెక్కేసుకుంటే ఇరవై నాలుగు రోజులని తేలింది. అప్పుడే అనుమానమొచ్చింది."

"గురువారం నుంచి తెలుసా మీకు!" గొంతు పైకి రాబోతే తనే అణచుకుంది. "మూడు రోజులండీ. నేను అన్నం నిద్రా మానేసి వెతుక్కుంటున్నాను. మీ పక్కనే కూర్చుని వెతుక్కుంటున్నాను. అత్తయ్య అన్న మాటలన్నీ పడ్డాను. మీరు చూస్తూ ఊరుకున్నారు."

"చెప్దామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"సుచిత్రా, నీకు అర్థం కాదు." అతను గోడకి ఆనుకున్నాడు. నలభై ఏళ్ల మనిషి ఆ నిమిషంలో అరవై ఏళ్లవాడిలా కనిపించాడు. "నాకు నువ్వు చేసినంత బాగా చెయ్యడం రాదు. నీ కోడ్ చదివాను. నిజంగానే బావుంది. రఘునందన్ నన్నడక్కుండా నిన్నెందుకడిగాడో చదివాకే తెలిసింది. నాకంటూ ఉన్నది ఆ పాతదొక్కటే. 'దాంట్లో తప్పు రాదు' అని ఊరంతా అంటారు. ఆ ఒక్క మాటా పోతే నేనింకెందుకు?"

అతని మీద ఆమెకి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"రేపు పదింటికి పాతదానికి మారుస్తున్నాంగా. అప్పుడే ఆ లైను సరిచేసి పంపిస్తాను. మూడు వందల చెరువులకీ ఒకేసారి వెళ్లిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు."

"ఎవరికీ తెలియదు కూడా."

అతను చేతుల తడి చొక్కాకి తుడుచుకున్నాడు.

"తప్పు కొత్తదాందే అనుకుంటారు. నాది పక్కన పెట్టేస్తారు. అంతేనా?"

"కొన్నాళ్లే. ఆర్నెల్లు పోయాక నేనే మళ్లీ రఘునందన్‌కి చెప్తాను."

"అదలా ఉంచండి. మీ అన్నయ్యగారి రెండో చెరువుకి రేపు నాలుగింటికే గడువు. పదింటిదాకా ఆగదు."

ఈసారి శ్యామ్ నిజంగానే ఉలిక్కిపడ్డాడు. ఫోన్ తీసి తేదీలు చూసుకున్నాడు. పెదవులు కదుపుతూ కలుపుకున్నాడు. "కరెంటు ఆపి, బ్యాటరీ ఒక్కసారి తీసి పెడితే చాలు," అన్నాడు. "లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వెళ్లేటప్పుడు నేనే చెప్తాను."

"ఎందుకని అడిగితే?"

"ఏదో ఒకటి చెప్తాలే. నాకొదిలెయ్." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చాలా నెలల తర్వాత పట్టుకున్నాడు. "ఒక్కసారి నా మాట విను. అమ్మ ముందు వద్దు."

లోపల్నుంచి సౌభాగ్యమ్మ కేకేసింది. "అన్నాలకి రండి. పెద్దోడు మళ్లీ ఎండలో పడి అంత దూరం వెళ్లాలి."

సుచిత్ర చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచింది. సరేననలేదు. కాదనీ అనలేదు. ఆ రెండిటికీ ఆమెలో ఓపిక మిగల్లేదు.

*

సౌభాగ్యమ్మ ప్రార్థన చేసింది. పెద్దకొడుకు నష్టాన్నీ, చిన్నకొడుకు జ్ఞానాన్నీ పేరుపేరునా చెప్పుకుంది. కోడలి గురించి ఏమీ చెప్పలేదు. ఆమేన్ అన్నాక అందరికీ వడ్డించింది.

"ఏమన్నా తెలిసిందామ్మా?" అన్నాడు డేవిడ్ రాజు, కూర కలుపుకుంటూ.

సుచిత్ర భర్త వైపు చూసింది. అతను మంచినీళ్లు తాగుతున్నాడు. గ్లాసు ఖాళీ అయినా దించలేదు.

"తెలిసింది బావగారూ. ఒక అంకెని తప్పుగా చదివింది."

"నువ్వు రాసిందేనా ఆ చదివేది?"

"నేను రాసిందే."

"చూశావా," అంది సౌభాగ్యమ్మ. "తనే ఒప్పుకుంటోంది."

"అమ్మా, ఊరుకో." డేవిడ్ రాజు చెయ్యి ఎత్తాడు. "కావాలని చేసిందా ఏంటి? నా చెరువులో చచ్చాయి, నాకు లేదా బాధ? పిల్లని తిడితే తిరిగొస్తాయా?" మళ్లీ సుచిత్ర వైపు తిరిగాడు. "ఇందాక మాట తూలానమ్మా. మనసులో పెట్టుకోకు. పాలకాయతిప్పది ఉందిగా, ఇంకో పాతిక రోజుల్లో రొయ్యల పట్టుబడి. ఆ ఒక్కటీ దక్కితే నిలదొక్కుకుంటాను."

ఆయన తిట్టినప్పుడు తట్టుకున్న మనిషి ఇప్పుడు తట్టుకోలేకపోయింది. నీళ్లు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లి, గట్టుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

చెప్తానన్నాడుగా. వెళ్లేటప్పుడు చెప్తానన్నాడు. పన్నెండేళ్ల పరిచయం, ఎనిమిదేళ్ల కాపురం. ఈ ఒక్క మాటయినా నిలబెట్టుకుంటాడనుకుంది.

భోజనాలయ్యాక అందరూ వాకిట్లోకి వచ్చారు. డేవిడ్ రాజు బండెక్కి హెల్మెట్ పెట్టుకోబోతుంటే శ్యామ్ సుందర్ దగ్గరికి వెళ్లాడు.

"అన్నయ్యా, రెండో చెరువు బోర్డుకి కరెంటు ఆపి, బ్యాటరీ ఓసారి తీసి మళ్లీ పెట్టు. ఇవాళే."

"ఎందుకు?"

"ఊరికే. మంచిది."

"ఊరికే ఎందుకు తీస్తానురా? ముట్టుకోవద్దని నువ్వే కదా చెప్పావు. మూతకి కాగితం కూడా అంటించావు, తియ్యరాదని." డేవిడ్ రాజు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని తమ్ముడి ముఖంలోకి చూశాడు. "ఏంటి సంగతి? ఆ తప్పు నీదాంట్లో కూడా ఉందా?"

శ్యామ్ సుందర్ మెట్ల వైపు చూశాడు. మెట్ల మీద తల్లి నిలబడి ఉంది.

"ఉంటే ఉందని చెప్పు. నాకేం కోపం లేదు," అన్నాడు డేవిడ్ రాజు. "ఇటునుంచిటే వెళ్లి చెరువు మీద పడుకుంటాను. లేదంటే మాత్రం ఇంటికెళ్లి పడుకుంటాను. నడుం వాల్చి మూడు రోజులైంది. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి."

"లేదన్నయ్యా," అన్నాడు శ్యామ్ సుందర్. "నాదాంట్లో లేదు."

"మరింకేం? ముట్టుకోను. బాగున్నదాన్ని కెలకడమెందుకు?"

బండి స్టార్టయింది. సుచిత్ర శ్యామ్ ముఖాన్నే చూస్తోంది. ఇప్పుడు పిలుస్తాడు అనుకుంది. బండి గేటు దాటేలోగా పిలుస్తాడు అనుకుంది. అతను గేటు రెక్క పట్టుకుని, అన్నయ్య వెళ్లేందుకు వీలుగా వెడల్పుగా తెరిచాడు.

ఆమె చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి నడిచి బండికి అడ్డంగా నిలబడింది.

"బావగారూ, ఇంట్లో పడుకోవద్దు. చెరువు మీదకి వెళ్లండి. రేపు తెల్లవారుజామున నాలుగు దాటాక ఆ మోటార్లు తిరగవు. వెళ్లగానే కరెంటు ఆపి బ్యాటరీ తీసి పెట్టండి. నాదాంట్లో ఉన్న తప్పే మీ తమ్ముడిదాంట్లోనూ ఉంది. ఆయన చెప్పినట్టే చేశాను కాబట్టే నాదాంట్లోకి వచ్చింది."

డేవిడ్ రాజు ఇంజను ఆపాడు. వీధిలో ఎదురింటివాళ్లు తలుపు తీసి చూస్తున్నారు.

"అమ్మో, అమ్మో," అంది సౌభాగ్యమ్మ మెట్ల మీంచి. "తన నెత్తి మీదున్నది తీసి మొగుడి నెత్తిన పెడుతోంది."

"లోపలికి రండి. చూపిస్తాను," అంది సుచిత్ర. "రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. పది నిమిషాలు చాలు."

"చూస్తే నాకేం తెలుస్తుందమ్మా? నేను పదో తరగతి తప్పినవాణ్ణి." ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "ఏరా? ఏమంటోంది ఈ పిల్ల?"

శ్యామ్ సుందర్ గేటు వదల్లేదు. అతని గొంతు చాలా మెత్తగా ఉంది. ఆ మెత్తదనం చూసి సుచిత్ర భయపడింది.

"దానికి మూడు రోజులుగా నిద్ర లేదన్నయ్యా. రెండేళ్ల కష్టం పోయిందని మనసు చెదిరింది. ఏదేదో అంటోంది. నువ్వెళ్లు. ఇంటికెళ్లి పడుకో."

సుచిత్ర బండి ముందునుంచి కదల్లేదు. ఏం చెప్పినా ఇప్పుడు నిద్రలేని మనిషి మాటే అవుతుంది.

డేవిడ్ రాజు మరదలి కాళ్ల వైపు చూశాడు. కాలే రోడ్డు మీద వట్టి కాళ్లతో నిలబడి ఉంది. తర్వాత తమ్ముణ్ణి చూశాడు. చిన్నప్పుడు తనే వేలు పట్టుకుని బడికి తీసుకెళ్లిన తమ్ముడు. ఇద్దర్లో ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారని ఆయనకి తెలిసిపోయింది. అదెవరని అడగాలంటే భయం వేసినట్టుంది.

"తప్పుకోమ్మా," అన్నాడు చివరికి.

ఆమె తప్పుకుంది. బండి వలందపాలెం మలుపు తిరిగి చల్లపల్లి రోడ్డెక్కింది. ఎక్కడ పడుకుంటాడో మాత్రం ఆయన చెప్పలేదు.